ముందు ప్రతిపదార్థం, ఆ తర్వాతే మర్మార్థం

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇంగ్లిష్ రాక్ పాటల్లోని గూఢార్థాలను విప్పి చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వస్తున్న వ్యాసాలను శ్రద్ధగా చదువుతున్నాను. రాక్ పాట సాహిత్యాన్ని కవిత్వంగా చూసి తెలుగులో చర్చకు పెట్టినందుకు కృతజ్ఞతలు. అయితే ఆ వ్యాసాల్లో చాలావరకు నేరుగా రహస్యంతోనే మొదలవుతున్నాయి. ఈ పాట సైతాను గురించి, ఆ పాట మత్తుమందు గురించి అని తేల్చేస్తున్నారు. ఏ మాటను బట్టి, ఏ ఆధారంతో అన్నది చెప్పడం లేదు.

మన బడుల్లో పద్యం చెప్పే పద్ధతి అందరికీ తెలిసిందే. ముందు ప్రతిపదార్థం, తర్వాత తాత్పర్యం, ఆపైన విశేషాలు. కాళిదాసుకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం ప్రాంతం వాడు. ‘నామూలం లిఖ్యతే కించిత్’ అని, ఆధారం లేనిది ఒక్కటీ రాయనని ఆయన ముందే మాట ఇచ్చి మొదలుపెట్టాడు. రాక్ పాటకైనా నియమం అదే కావాలని నా విన్నపం. అది ఆచరణలో ఎలా ఉంటుందో కాస్త వివరంగా రాస్తాను.

మొట్టమొదట మూలపాఠం సరిగ్గా ఉండాలి. ఇంటర్నెట్‌లో దొరికే సాహిత్యంలో చాలా భాగం ఎవరో చెవితో విని రాసుకున్నదే. ఒకరు తప్పు వింటే పదిమంది దాన్నే ఎత్తి రాస్తారు. ఇందుకు ‘లూయీ లూయీ’ కంటే మంచి ఉదాహరణ దొరకదు. కింగ్స్‌మెన్ బృందం 1963లో పోర్ట్‌లాండ్‌లో దాన్ని రికార్డు చేసినప్పుడు మైకు పైకప్పు నుంచి వేలాడుతోంది. గాయకుడు తల పైకెత్తి అరిచి పాడాల్సి వచ్చింది. మాటలు ముద్దముద్దగా వచ్చాయి. అందులో బూతులున్నాయని తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తే అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ విచారణకు దిగి, రికార్డును రకరకాల వేగాల్లో తిప్పి విన్నది. చివరికి ఏ వేగంలోనూ మాటలు అర్థం కావడం లేదని ఫైలు మూసేసింది. రిచర్డ్ బెర్రీ 1957లో విడుదల చేసిన అసలు పాట మాత్రం ఎప్పటి నుంచో అందుబాటులోనే ఉంది. జమైకాలో తన కోసం ఎదురుచూసే అమ్మాయి గురించి ఒక నావికుడు చెప్పుకునే పాట అది. దాన్ని ఒక్కసారి పక్కన పెట్టుకుని చూస్తే సరిపోయేది.

అందుకని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒక్కో చరణాన్ని విడివిడిగా విని, చేత్తో రాసుకోవాలి. అర్థం కాని చోట ఊహించకుండా ఖాళీ వదిలెయ్యాలి. ఆ తర్వాతే ఆల్బమ్‌తో వచ్చిన ముద్రిత సాహిత్యంతో పోల్చాలి. బీటిల్స్ 1967లో తమ ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్ వెనక అట్ట మీదే పాటలన్నీ అచ్చువేశారు. తర్వాతి కాలంలో రాక్ ఆల్బమ్‌లలో చాలావాటికి అట్ట మీదో లోపలి కవరు మీదో సాహిత్యం ఉంటుంది. పోల్చేటప్పుడు స్టూడియో రికార్డింగ్‌ను, వేదిక మీద పాడినదాన్ని కలపకూడదు. వేదిక మీద గాయకులు మాటలు మారుస్తుంటారు. పల్లవి తిరిగి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాసుకోవాలి. ఆఖరిసారి ఒక్క మాట మారినా కవి అక్కడ ఏదో చెప్పదలిచాడన్నమాట.

రెండో ప్రశ్న, పాటలో మాట్లాడుతున్నది ఎవరు? రాయబారం నాటకంలో దుర్యోధనుడి పద్యం అద్భుతంగా పాడిన నటుణ్ణి మనం కౌరవ పక్షపాతి అనం. రోలింగ్ స్టోన్స్ 1968లో పాడిన ‘సింపతీ ఫర్ ద డెవిల్’ విషయంలో మాత్రం సరిగ్గా ఆ పనే చేస్తున్నాం. అందులో వక్త సైతానే. మర్యాదస్తుడిలా, ధనవంతుడిలా తనను తాను పరిచయం చేసుకుంటూ, క్రీస్తు శిలువ నుంచి రష్యా విప్లవం దాకా చరిత్రలోని ఘోరాల దగ్గర తాను ఉన్నానంటాడు. మిక్ జాగర్‌కు ఈ ఊహ రావడంలో రష్యన్ రచయిత బుల్గాకోవ్ నవల ‘ద మాస్టర్ అండ్ మార్గరీటా’ ప్రభావం ఉంది. ఆ నవలలోనూ సైతాను పెద్దమనిషి వేషంలోనే మాస్కోకు వస్తాడు. పాటలో అమెరికా అధ్యక్షుడు కెనడీని చంపిందెవరని అడిగి, మీరూ నేనూ కలిసే అని జవాబు చెప్పే చోటుంది. పాట మర్మమంతా ఆ జవాబులోనే ఉంది. పాపాన్ని సైతాను మీదికి నెట్టి తప్పించుకోకండని అది మనిషిని నిలదీస్తుంది. రికార్డింగ్ జరుగుతున్న రోజుల్లోనే, 1968 జూన్ 6న ఆయన తమ్ముడు రాబర్ట్ కెనడీ కూడా హత్యకు గురై చనిపోతే, ‘కెనడీని’ అన్నది ‘కెనడీలను’ అని బహువచనమైంది. ఇంత పని చేసిన పాటను సైతాను స్తోత్రమని రాయడం అన్యాయం.

ద పోలీస్ బృందం 1983లో విడుదల చేసిన ‘ఎవ్రీ బ్రెత్ యూ టేక్’దీ ఇదే చిక్కు. దాన్ని పెళ్లి వేదికల మీద వాయిస్తారు. నీ ప్రతి అడుగూ, ప్రతి శ్వాసా చూస్తూనే ఉంటానని చెప్పేవాడు వదిలేసి వెళ్లిన మనిషిని నీడలా వెంటాడుతున్నాడు. క్రియలను వరసగా రాసుకుంటే చాలు, ఆ ‘చూడటం’ ఎన్నిసార్లు వచ్చిందో కనబడి ఒళ్లు జలదరిస్తుంది.

చరణాలు వదిలేసి పల్లవి మాత్రమే వినడం మరో పెద్ద పొరపాటు. రాక్ పాటలో పల్లవి ఉండేది జనం గొంతు కలపడానికి. అసలు కథ చరణాల్లో నడుస్తుంది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1984 నాటి ‘బార్న్ ఇన్ ద యు.ఎస్.ఎ.’ పల్లవి దేశభక్తి నినాదంలా వినిపిస్తుంది. చరణాలకు తాత్పర్యం రాసి చూడండి. చిన్న ఊళ్లో దెబ్బలు తింటూ పెరిగిన కుర్రాడు ఏదో గొడవలో ఇరుక్కుంటే, చేతికి తుపాకీ ఇచ్చి వియత్నాం పంపుతారు. తిరిగొస్తే రిఫైనరీలో ఉద్యోగం దొరకదు. మాజీ సైనికుల కార్యాలయంలో సాయం దొరకదు. ఖేసాన్‌లో పోరాడిన అన్నదమ్ముడు ఇక లేడు. ఇంత విన్నాక ‘ఈ దేశంలో పుట్టాను’ అన్న పల్లవి గర్వంలా వినిపించదు, కడుపుమంటలా వినిపిస్తుంది. ఆ ఏడాది సెప్టెంబర్ 19న న్యూజెర్సీలోని హామంటన్‌లో ఎన్నికల సభలో అధ్యక్షుడు రీగన్ స్ప్రింగ్‌స్టీన్ పేరెత్తి, ఆయన పాటల్లో ఆశ ఉందన్నాడు. పల్లవి దగ్గరే ఆగిపోతే ఎంత పెద్దవాళ్లయినా ఇలాగే అనుకుంటారు. ఇదే పాటను స్ప్రింగ్‌స్టీన్ 1982లో ఒక్క గిటారుతో పాడిన రికార్డింగ్ 1998లో ‘ట్రాక్స్’ సంకలనంలో బయటికి వచ్చింది. రెండూ వెంటవెంటనే వినండి. డ్రమ్ముల హోరు, సింథసైజర్ మోత తీసేస్తే ఏడుపు మిగులుతుంది. బాణీ మాటలకు ఎదురు నడవడం రాక్‌లో తరచుగా వాడే ఎత్తుగడ. కనుక బాణీని వదిలేసి సాహిత్యానికి మాత్రమే అర్థం చెప్పడం కుదరదు.

ఇక అసలు రూపకాల సంగతికొద్దాం. మాటకు ఉన్న అర్థాన్ని వదిలి మరో అర్థం ఎప్పుడు పట్టుకోవచ్చో మన ఆలంకారికులు స్పష్టంగానే చెప్పారు. ‘గంగాయాం ఘోషః’, అంటే ‘గంగలో గొల్లపల్లె’ అన్నది వాళ్ల ఉదాహరణ. ప్రవాహంలో గొల్లపల్లె నిలవదు, అంటే ముఖ్యార్థానికి (మాటకున్న మామూలు అర్థానికి) అడ్డు తగిలింది. ప్రవాహానికీ ఒడ్డుకూ సంబంధం ఉంది కనుక ఒడ్డు మీద అని గ్రహిస్తాం. ‘ఒడ్డు’ అనకుండా ‘గంగ’ అనడంలో చల్లదనం, పవిత్రత స్ఫురింపజేయాలన్న ప్రయోజనం ఉంది. అడ్డు, సంబంధం, ప్రయోజనం. ఈ మూడూ చూపించగలిగితేనే గూఢార్థం నిలుస్తుంది.

మీ అనుబంధంలో సైతాను పాటగా వచ్చిన ‘హోటల్ కాలిఫోర్నియా’నే ఈ గీటురాయి మీద పెడతాను. ఈగల్స్ బృందం ఆల్బమ్ 1976 డిసెంబర్‌లో వచ్చింది. బాణీ మొదట డాన్ ఫెల్డర్‌ది, సాహిత్యం ప్రధానంగా డాన్ హెన్లీ, గ్లెన్ ఫ్రైలది. తాత్పర్యం ఇది: ఎడారి రోడ్డు మీద రాత్రివేళ అలసిన ప్రయాణికుడు దూరాన దీపం చూసి ఒక హోటల్లో ఆగుతాడు. గుమ్మంలో ఒక స్త్రీ కొవ్వొత్తి పట్టుకుని దారి చూపిస్తుంది. పెరట్లో నాట్యాలు జరుగుతుంటాయి. వైన్ అడిగితే, అలాంటి ‘స్పిరిట్’ 1969 నుంచి మా దగ్గర లేదంటారు. పైకప్పుకు అద్దాలు, ఐస్‌లో గులాబీ రంగు షాంపేన్. మన ఉచ్చులో మనమే బందీలమని ఆమె అంటుంది. విందులో అందరూ కత్తులతో పొడిచినా మృగం చావదు. పారిపోబోతే కాపలావాడు, గది ఖాళీ చేయవచ్చు గానీ ఇక్కడి నుంచి వెళ్లలేవంటాడు.

ఇందులో ముఖ్యార్థానికి అడ్డు ఎక్కడెక్కడ తగిలిందో గుర్తుపెట్టాలి. మొదటి చరణంలో పెద్దగా లేదు. ఎడారి, దీపం, గంట అన్నీ మామూలు అర్థంలో సరిపోతాయి, వాటికి మర్మం అంటగట్టనక్కర్లేదు. అడ్డు తగిలేది వైన్ దగ్గర. వైన్ స్పిరిట్ కాదు కదా, పులియబెట్టినదానికీ బట్టీలో కాచినదానికీ తేడా తెలియదా అని హెన్లీని తప్పుపట్టినవాళ్లున్నారు. ఆ తేడాయే మనకు ఆధారం. తర్వాతి చరణంలో షాంపేన్ ఉంది కనుక ఆ హోటల్లో మద్యానికి కొదవ లేదు. అంటే అయిపోయింది వేరే ఏదో. స్పిరిట్ అంటే ఆత్మ, ఉత్సాహం కూడా. ఇది శ్లేష. 1969 ఆగస్టులో శాంతి, సంగీతం పేరుతో వుడ్‌స్టాక్ రాక్ ఉత్సవం జరిగింది, అదే ఏడాది డిసెంబర్‌లో ఆల్టమాంట్ కచేరీలో వేదిక ముందే హత్య జరిగింది. ఆ తరం యువత ఆదర్శం అక్కడే ఇంకిపోయిందన్నది పాట బాధ. చావని మృగం, బయటికి రానివ్వని హోటల్ తక్కిన రెండు అడ్డంకులు.

ఇప్పుడు రెండు వ్యాఖ్యానాలనూ పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కువ పంక్తులకు జవాబు చెబుతుందో లెక్కవేయాలి. ఏ గూఢార్థానికైనా నేను చూసినంతలో ఇంతకంటే గట్టి పరీక్ష లేదు. సైతాను వాదానికి మృగం, బందీలు దొరుకుతారు. సైతాను చర్చి స్థాపకుడు ఆంటన్ లావే రాసిన సైతాను గ్రంథం 1969లో అచ్చయిందంటారు, ఆల్బమ్ లోపలి ఫొటోలో బాల్కనీలో ఉన్న మసక ఆకారం ఆయనే అంటారు. మరి ఆమె మనసు టిఫనీ నగల చుట్టూ తిరగడం, మెర్సిడెస్ బెంజ్ మీద శ్లేష, షాంపేన్, అద్దాలు? ఆ వాదంలో వీటికి చోటు లేదు. డబ్బు, కీర్తి, మత్తు తెచ్చిపెట్టే సుఖం బందిఖానాగా మారడం అనుకుంటే ఇవన్నీ ఒద్దికగా సర్దుకుంటాయి. హెన్లీ కూడా దీన్ని అమాయకత్వం నుంచి అనుభవంలోకి ప్రయాణం అన్నాడు. సంగీతమూ ఇదే పలుకుతుంది. బి మైనర్‌లో మొదలై ఎనిమిది కార్డులు (కలిపి మోగించే స్వరాల గుత్తులు) తిరిగి ఎఫ్ షార్ప్ దగ్గర ఆగుతుంది ఆ ఆవర్తం. ఎఫ్ షార్ప్ మళ్లీ బి మైనర్‌లోకే లాగుతుంది. చివర రెండు గిటార్లు అదే ఆవర్తం మీద వాయిస్తూ వాయిస్తూ వినపడకుండా పోతాయి తప్ప పాటకు ముగింపు స్వరం ఉండదు. హోటల్ నుంచి బయటపడే దారి బాణీలోనూ లేదు.

పొడి అక్షరాలను కలిపి రహస్యాలు తీయడం మాత్రం దయచేసి ఆపాలి. ‘లూసీ ఇన్ ద స్కై విత్ డైమండ్స్’ పేరులో ఎల్‌ఎస్‌డి అనే మత్తుమందు ఉందని ఇప్పటికీ రాస్తున్నారు. తన చిన్నారి కొడుకు జూలియన్ బడిలో తోటి పాప లూసీ బొమ్మ గీసి తెచ్చి ఆ పేరు చెప్పాడని బీటిల్స్ సభ్యుడు జాన్ లెనన్ చెప్పాడు. పాటలోని పడవ, వింత దృశ్యాలు లూయిస్ కరోల్ రాసిన ఆలిస్ కథల నుంచి వచ్చాయి. కవి మాటే తుది తీర్పు అనను. పాట మీద నిషేధం పడే ప్రమాదం ఉన్న రోజుల్లో చెప్పిన మాటకూ, నలభై ఏళ్ల తర్వాత చెప్పిన మాటకూ తేడా ఉంటుంది. అందుకే కవి మాటను ఉదహరించినప్పుడు ఏ సంవత్సరంలో అన్నాడో కూడా వేయాలి.

అర్థం లేకుండానే రాసిన పాటలూ ఉంటాయి. లెనన్ చిన్నప్పుడు చదివిన బడిలో బీటిల్స్ పాటలకు అర్థాలు చెప్పిస్తున్నారని ఒక విద్యార్థి ఉత్తరం రాస్తే, ఎవరికీ కొరుకుడు పడకూడదనే లెనన్ 1967లో ‘ఐ యామ్ ద వాల్రస్’ రాశాడు. అలాంటివాటిని ఆ మాట చెప్పి వదిలేయాలి.

తప్పుడు అర్థం ప్రాణాల మీదికి కూడా వస్తుంది. బీటిల్స్ పాట ‘హెల్టర్ స్కెల్టర్’ సంగతి చూడండి. ఆ మాటకు అర్థం బ్రిటన్ తిరునాళ్లలో ఉండే మెలికల జారుడుబల్ల. పైకెక్కడం, జారడం, మళ్లీ ఎక్కడం పాటలో తేటగా ఉన్నాయి. అమెరికాలో ఒక ముఠాను నడిపిన చార్లెస్ మాన్సన్ దాన్ని జాతుల యుద్ధానికి సంకేతమని తన అనుచరులకు బోధించాడు. 1969 ఆగస్టులో వాళ్లు చేసిన హత్యల చోట ఆ మాట రక్తంతో రాసి ఉంది. పాటను వెనక్కి తిప్పితే రహస్య సందేశాలు వినిపిస్తాయన్న వాదం ఇంతే ప్రమాదకరం. పాటలో రహస్య సందేశం దాచారంటూ జూడాస్ ప్రీస్ట్ బృందం మీద వేసిన కేసులో 1990లో నెవాడా న్యాయమూర్తి, ఆ మాటల్లా వినిపించినవి శబ్దాలు యాదృచ్ఛికంగా కలవడం వల్ల ఏర్పడ్డాయని తేల్చాడు. ముందుగా మాట చెప్పి వినిపిస్తే చెవి దాన్నే వెతుక్కుంటుంది. ఎవరైనా ఇలాంటిది రాసి పంపితే, ఏమీ చెప్పకుండా ఐదుగురికి వినిపించి, వాళ్లు విడివిడిగా ఏం రాశారో చూసి అచ్చువేయండి.

కవి అనుకోని అర్థాన్ని జనం ఇవ్వడం మాత్రం వేరే సంగతి. పింక్ ఫ్లాయిడ్ 1979లో ఇంగ్లండ్ బడుల కర్కశత్వం మీద పాడిన ‘అనదర్ బ్రిక్ ఇన్ ద వాల్’ను దక్షిణాఫ్రికాలో నల్లజాతి విద్యార్థులు వివక్ష చదువుల మీద తమ పోరాటంలో పాడుకున్నారు. 1980లో అక్కడి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఈ అర్థమూ నిజమే. కాకపోతే ఇది శ్రోతలు ఇచ్చిన అర్థమని విడిగా చెప్పాలి.

ఇకపై ఈ వ్యాసాల్లో ఏ సంవత్సరపు రికార్డింగ్‌ను తీసుకున్నారో, సాహిత్యం ఎవరు రాశారో తప్పకుండా వేయించండి. పూర్తి పాట అచ్చువేయడానికి హక్కులు అడ్డొస్తాయి గనుక చరణాలవారీగా తాత్పర్యం ఇస్తే చాలు. దాని కింద ముఖ్యార్థం ఏ పంక్తిలో చెల్లలేదో, వ్యాఖ్యాతకు జవాబు దొరకని పంక్తులు ఏవో కూడా ఉండాలి. జాగా సరిపోకపోతే పాటను రెండు వారాలకు విడదీసి, మొదటి వారం తాత్పర్యం, రెండో వారం వ్యాఖ్యానం వేయవచ్చు. ఆ మధ్య వారంలో పాఠకులకు పాట వినడానికి వీలుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం