ఫొటోగ్రాఫర్ల సంఘం, విజయవాడ: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం చేసిన పనులను మీ ముందుంచుతున్నాను. జమాఖర్చుల పత్రం విడిగా జత చేశాం, దాన్ని కోశాధికారి సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తారు. నేను ఈ ఏడాది మనం పట్టుకున్న అంశం గురించే ఎక్కువ రాస్తాను. ఆ అంశం మన ఊరి చరిత్ర, జాతీయ పండుగలు.

అంతకు ముందు ఏడాది ఆగస్టు 15న మన గ్రూపులో పడిన ఫొటోలు మీకు గుర్తుండే ఉంటాయి. జెండా, వెనక ఆకాశం. చెంప మీద మూడు రంగులు వేసుకున్న పిల్లాడు. తీసినవాళ్ల పేర్లు తీసేస్తే ఎవరిదేదో చెప్పలేం, అసలు ఏ ఊళ్లో తీశారో కూడా చెప్పలేం. బెజవాడలో తీసిన ఫొటోలో బెజవాడ కనబడకపోతే ఎలా అని ఒక పెద్దాయన కమిటీ సమావేశంలో గట్టిగానే అడిగారు. ఆ మాట అందరికీ తగిలింది.

ఎందుకంటే జెండా కథ మన ఊరి గుండానే నడిచింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు ఇక్కడే జరిగాయి. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు కావాలని తీర్మానించింది ఆ సభల్లోనే. పింగళి వెంకయ్యగారు గాంధీజీకి జెండా నమూనా చూపించిందీ అప్పుడే. అందులో ఎరుపు, ఆకుపచ్చ రంగులు, రాట్నం ఉన్నాయి. తెలుపు కూడా ఉండాలని గాంధీజీ చెప్పాక దాన్ని చేర్చారు. ఇవాళ్టి అశోక చక్రం జెండాను రాజ్యాంగ సభ ఆమోదించింది 1947 జులై 22న. మా ప్రదర్శనలో ఒక ఫొటో కింద ఈ రెండింటినీ కలిపేసి రాశాం. చూడటానికి వచ్చిన ఒక రిటైర్డ్ టీచరుగారు పట్టుకున్నారు, ఆ కార్డు అప్పటికప్పుడే మార్చాం. తప్పు చూపించినందుకు వారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

పెద్దాయన ఆ మాట అడిగిన కమిటీ సమావేశం తర్వాత ఒక నియమం పెట్టుకున్నాం. ఏ చోటికి వెళ్లినా మొదటి అరగంట కెమెరాలు సంచుల్లోనే ఉండాలి. ఆ చోటు గురించి చదివి వచ్చిన ఒకరు చెబుతారు, మిగతావాళ్లం కూర్చుని వింటాం. మొదట్లో మనలోని కుర్ర సభ్యులు కాస్త విసుక్కున్నారు, వెలుతురు పోతోందని. రెండో ఫొటో నడక నుంచి వాళ్లే ముందుగా చదివి రావడం మొదలుపెట్టారు.

గాంధీ కొండకు, బాపు మ్యూజియానికి, ఉండవల్లికి వెళ్లాం. గాంధీ కొండ మీది 52 అడుగుల స్తూపాన్ని 1968 అక్టోబర్ 6న అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించారు. దాన్ని కింది నుంచి తీస్తే ఉత్త స్తంభంలా ఉంటుంది. ఒక సభ్యురాలు స్తూపాన్ని అంచున పెట్టి, ఫ్రేము నిండా రైలు పట్టాలు, ఇళ్ల కప్పులు వచ్చేలా తీశారు. ఊరు మొత్తం దాని నీడలో ఉన్నట్టు అనిపించే ఫొటో అది. ఉండవల్లిలో అనంతశయన విష్ణువు దగ్గర చీకటి. పురావస్తు శాఖ కట్టడాల్లో అనుమతి లేకుండా ట్రైపాడ్ వాడకూడదు కాబట్టి కెమెరాను సంచి మీద ఆనించి, ఊపిరి బిగబట్టి తీశాం.

అమరావతి ప్రయాణం గురించి మాత్రం నాలుగు మాటలు ఎక్కువ చెప్పాలి. ఫొటోగ్రఫీని 1839 ఆగస్టు 19న ఫ్రెంచి ప్రభుత్వం ప్రపంచానికి అందించింది. దానికి ఇరవై ఏళ్లు కూడా నిండకముందే, 1858లో, మద్రాసులో కెప్టెన్ లినేయస్ ట్రైప్ అనే బ్రిటిష్ సైనికాధికారి మన అమరావతి శిల్పాలను ఫొటోలు తీశాడు. వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి 1845లో తవ్వించి మద్రాసుకు పంపిన రాళ్లవి. వాటిలో చాలా భాగం ఆ తర్వాత లండన్ చేరాయి. స్తూపం దిబ్బ పక్కన నిలబడి ఇదంతా విన్నాక మాకెవరికీ వెంటనే కెమెరా తీయాలనిపించలేదు. కాసేపటికి ఒక కుర్రాడు, శిల్పం ఉండాల్సిన చోట మిగిలిన ఖాళీ రాతిని, దాని పక్కన మొలిచిన గడ్డిని తీశాడు. లేనిదాన్ని కూడా ఫొటో తీయొచ్చని నాకు తెలిసింది ఆ రోజే.

ఇక ఆగస్టు 15. ఇందిరా గాంధీ మున్సిపల్ స్టేడియంలో ప్రభుత్వ వేడుకకు పాసులు అందరికీ దొరకవు. అందుకే సభ్యులందరినీ తమ వీధికి దగ్గర్లోని బడికి, పొద్దున్నే ఆరింటికే వెళ్లమన్నాం. జెండా ఎగిరే క్షణం కన్నా దానికి ముందు గంటను చూడమన్నాం. అలా వచ్చిందే ఈ ఏడాది ఉత్తమ చిత్రం. అందులో కనిపించేవి డ్రిల్లు మాస్టారి రెండు చేతులు మాత్రమే. మడత పెట్టిన జెండాలో బంతిపూల రేకులు పోసి జారుముడి వేస్తున్నారాయన. ముడి బిగిస్తే తాడు లాగినప్పుడు విడదు, వదులైతే పైకి పోయే దారిలోనే ఊడిపోతుంది. ఆ టెన్షన్ అంతా వేళ్ల కణుపుల్లో కనిపిస్తుంది. గోళ్ల సందుల్లో సుద్దముక్క పొడి. గుడ్డ అంచున వేలెడంత కాషాయం తప్ప వేరే రంగు లేదు. ఆ ఫొటో చూసిన ప్రతివాళ్లూ తమ బడి గురించి చెప్పడం మొదలుపెట్టారు.

రాలే రేకులు గాలిలో నిలిచినట్టు రావాలంటే షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో వెయ్యో వంతు దగ్గర ఉండాలి. మబ్బు పట్టిన ఆగస్టు ఉదయం అంటే ఐఎస్‌ఓ, అంటే తక్కువ వెలుతురులోనూ ఫొటో వచ్చేలా చేసే కెమెరా సెట్టింగు, పెంచక తప్పదు. అలా పెంచితే ఫొటోలో ఇసుక చల్లినట్టు రేణువులు వస్తాయని భయపడి చాలామంది ఆ క్షణం పోగొట్టుకున్నారు. వచ్చేసారి భయపడవద్దని మనవి.

ఆగస్టు 15 నుంచి 19 వరకు, అంటే స్వాతంత్ర్య దినం నుంచి ప్రపంచ ఫొటోగ్రఫీ దినం దాకా, ప్రదర్శన పెట్టాం. ఎక్కువ ఫొటోలు ముందు చేసిన నడకల్లోవే. బడుల్లో తీసినవి మూడో రోజు చేర్చాం. అవి ప్రింటుకు వెళ్లి వచ్చేసరికి కాషాయం కాస్తా ఎర్రగా దిగింది. ప్రింటు వేసిన ల్యాబువాళ్లు తమ తప్పు కాదన్నారు. మళ్లీ వేయించడానికి సంఘం డబ్బే ఖర్చయింది. జెండా రంగు విషయంలో సర్దుకుపోలేం కదా. ఇకపై ముందు ఒక చిన్న నమూనా ప్రింటు చూసుకున్నాకే మిగతావి వేయించాలని కమిటీ నిర్ణయించింది.

ప్రదర్శన ముగిసిన రెండు వారాలకు వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైన రోజులవి. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మన సభ్యుల్లో కొందరి కెమెరాలు, హార్డ్ డిస్కులు పోయాయి. అంతకన్నా బాధ కలిగించింది ఆల్బమ్‌లు. నీళ్లు తీశాక జనం బురద పట్టిన పెళ్లి ఆల్బమ్‌లను వీధిలో కుప్ప పోశారు.

వాటిలో కొన్ని బతుకుతాయని తెలిసిన ఇద్దరు సభ్యులు ఇంటింటికీ తిరిగి చెప్పారు. అంటుకున్న ఫొటోలను లాగొద్దు. శుభ్రమైన చల్లని నీళ్లలో నానబెడితే వాటంతటవే విడతాయి. బొమ్మ ఉన్న వైపు వేలు తగలనీయకుండా, పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. రెండు మూడు రోజులకు మించి నీళ్లలో ఉంటే పైపొర కరిగిపోతుంది. వెంటనే చేయలేకపోతే కవర్లో పెట్టి ఫ్రీజర్లో ఉంచినా ఆగుతాయి. మా మేడ మీద రెండు నవారు మంచాలు వేసి ఆరబెట్టాం. పాత నలుపు తెలుపు ఫొటోలు చాలావరకు నిలిచాయి, రంగువి చాలా పోయాయి.

అలా నిలిచిన వాటిలో ఒక బడి ఫొటో ఉంది. వెదురు గెడ, దాని కింద ఖద్దరు చొక్కాల పిల్లలు రెండు వరుసలు. ముందు వరుసలో ఒక పిల్లాడు కదిలాడు, ముఖం చెదిరిపోయింది. వెనక సిరాతో రాసిన పేర్లన్నీ కొట్టుకుపోయాయి. మూలన పెన్సిల్‌తో రాసిన "15 ఆగస్టు" మాత్రం చెక్కుచెదరలేదు. ఆ ఇంటి పెద్దావిడ చెదిరిన ముఖం మీద వేలు పెట్టబోయి, మేం వద్దంటామని గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుని "ఈయనే మా ఆయన" అన్నారు.

జనవరి 26 కార్యక్రమం మామూలుగా జరిగింది. డ్రోన్ అనుమతుల విషయంలో వచ్చిన ఇబ్బంది గురించి సమావేశంలో మాట్లాడుకుందాం.

వచ్చే ఏడాదికి రెండు ప్రయాణాలు అనుకుంటున్నాం. క్విట్ ఇండియా ఉద్యమంలో, 1942 ఆగస్టు 12న, పోలీసు కాల్పుల్లో ఏడుగురు ప్రాణాలిచ్చిన తెనాలికి అదే తేదీన వెళ్లాలి. పుల్లరి పన్నుకు ఎదురు నిలిచిన కన్నెగంటి హనుమంతు నేలకొరిగిన ఫిబ్రవరి 22న పల్నాడుకు వెళ్లాలి. పల్నాడుకు బస్సు మాట్లాడాలి కాబట్టి పేర్లు ముందుగా ఇవ్వండి.

ప్రతి నెలా రెండో ఆదివారం పాత ఫొటోలు స్కాన్ చేసే పని మొదలవుతోంది. మీ ఇళ్లలో, బంధువుల ఇళ్లలో బడి, ఊరేగింపు, జెండా వందనం ఫొటోలుంటే తీసుకురండి, సాయంత్రానికల్లా అవే తిరిగి ఇచ్చేస్తాం. అందులో ఉన్నవాళ్ల పేర్లు చెప్పగల పెద్దలనూ వెంట తీసుకురండి. పేర్లు రాయడానికి మెత్తని పెన్సిళ్లు సంఘమే ఇస్తుంది.

ఇట్లు,
కార్యదర్శి