ఆ సగటు ధరకు సరుకులు ఎక్కడ దొరుకుతాయి మంత్రి గారూ?

ధరల వ్యవహారాలు చూసే మంత్రి గారికి,

నమస్కారం. మన దగ్గర సరుకులూ ఇంధనమూ పక్క ప్రాంతాల కంటే చవకేనని మీ శాఖ విడుదల చేసిన పట్టిక చూశాను. ఒకటికి రెండుసార్లు చూశాను, ఎందుకంటే మొదటిసారి నా కళ్లద్దాల మీదే అనుమానం వచ్చింది. అంత చవకైతే నెలాఖరుకి మా ఇంట్లో ఆ వాదులాటలు ఎందుకో మరి.

సరే, మనమే చూద్దామనుకుని, వేరే ప్రాంతంలో ఉండే మా చెల్లీ నేనూ ఒకే రోజు సాయంత్రం ఒకే జాబితా పట్టుకెళ్లి పన్నెండు రకాలు కొన్నాం. ఇంటికొచ్చి వీడియో కాల్‌లో బిల్లులు చదవడం మొదలుపెడితే మూడో వస్తువు దగ్గరే ఆగిపోయాం. తన బిల్లులో ధర తక్కువ. "చూశావా అక్కా, మాకే చవక" అంది. ప్యాకెట్ వెనక్కి తిప్పమన్నాను. అదే కంపెనీ, అదే రంగు, అదే బొమ్మ, బరువు మాత్రం నాదాని కంటే తక్కువ. ఆ సంగతి అడుగున, అతుకు పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. కాలిక్యులేటర్ తీసి కిలో లెక్కకు మార్చేసరికి చవకైనది కాస్తా ప్రియమైపోయింది. పన్నెండింటిలో ఇలాంటివి నాలుగు తేలాయి.

మీ పట్టికలో ఉన్నవి ప్యాకెట్ ధరలా, కిలో ధరలా? ఎక్కడా రాయలేదు. అమ్మే ధర పక్కనే కిలోకో లీటరుకో ఎంత పడుతుందో కూడా చూపించాలని ఐరోపా సమాఖ్య 1998లోనే నిబంధన తెచ్చింది, అంటే ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కాదు. అన్ని దుకాణాల చేతా ఇప్పటికిప్పుడు చేయించలేకపోతే కనీసం మీ పట్టికలోనైనా చేయండి.

ఇక ఆ సగటు ఒకటి. ప్రాంతం మొత్తానికి కలిపి ఒక్క అంకె ఇచ్చారు. నాలుగు దుకాణాలు పోటీపడే నగరం, వారానికోసారి లారీ వచ్చే మారుమూల ఊరు, రెండూ కలిపి భాగిస్తే వచ్చిన ఆ ధరకు అటు నగరంలోనూ అమ్మరు, ఇటు ఊళ్లోనూ అమ్మరు. పైగా ఆ ఊరివాళ్లు తక్కువ ధర కోసం పట్నం వెళ్తే బస్సు చార్జీ ఎవరి ఖాతాలో రాయాలి? ఆదాయం మాట సరేసరి. ఇల్లు ఎంత పేదదైతే ఖర్చులో తిండి వాటా అంత పెద్దదని ఏర్న్స్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంక నిపుణుడు 1857లోనే చెప్పాడు, ఒకే ధర ఒకరికి అరగంట కూలి, ఇంకొకరికి రెండు గంటల కూలి.

ఇంధనం దగ్గరికొస్తే అసలు మతలబు అక్కడుంది. ముడిచమురు అంతర్జాతీయ మార్కెట్‌లో బ్యారెల్ లెక్కన కొంటారు, బ్యారెల్ అంటే సుమారు 159 లీటర్లు, అది ఇంచుమించు అందరికీ ఒకే ధర. తర్వాత రిఫైనరీ ఖర్చు, రవాణా, డీలర్ కమీషన్, పన్నులు. ప్రాంతానికీ ప్రాంతానికీ తేడా ఎక్కువగా వచ్చేది పన్నుల్లో, కొంత రవాణాలో. ఒకచోట పన్ను లీటరుకి ఇంత అని స్థిరంగా ఉంటుంది, ఇంకోచోట ధర మీద శాతంగా ఉంటుంది. ముడిచమురు పెరిగితే శాతం పన్ను కూడా దాంతోపాటు పెరుగుతుంది, స్థిరమైనది కదలదు. అంటే ఈ నెల మనం చవక, వచ్చే నెల వాళ్లు చవక అయ్యే అవకాశం ఉంది, ఎవరూ పన్ను రేటు ముట్టుకోకపోయినా సరే. మరి మీరు ఏ తేదీ ధరలు పోల్చారు? అదీ లేదు. మనకి అనుకూలమైన రోజు చూసి ఎంచుకున్నారని నేననను గానీ, తేదీ రాయకపోతే అనేవాళ్లు అంటారు.

తేదీ గురించి అంత పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. బ్రిటన్ పెట్రోలు ధరలు పరిశీలించి 1991లో రాబర్ట్ బేకన్ అనే ఆర్థికవేత్త చెప్పిందేమిటంటే, పెరిగేటప్పుడు ధర రాకెట్‌లా పోతుంది, తగ్గేటప్పుడు ఈకలా దిగుతుంది అని. మా వీధిలో ఎవరినడిగినా చదువుతో పనిలేకుండా ఇదే చెబుతారు. ముడిచమురు పడిపోయిన వారంలో ఒకచోట వెంటనే తగ్గించి, ఇంకోచోట నాన్చుతుంటే ఆ వారం పోలిక ఒకలా, నెల తర్వాత ఇంకోలా ఉంటుంది.

అన్నట్టు, కింద విదేశాలతో పోలిక కూడా పెట్టారు, గ్యాలన్ లెక్కలో. ఏ గ్యాలన్ అండీ? అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలన్ 4.546. ఒకటనుకుని ఇంకోటి వాడితే లెక్క ఐదోవంతు అటూ ఇటూ అవుతుంది. కాకి లెక్కలు అనాలనిపించింది, పెద్దలని ఆగాను.

పశ్చిమ ఆస్ట్రేలియాలో 2001 నుంచి ఒక పద్ధతి ఉంది. రేపటి ధర ఎంతో బంకులవాళ్లు ఇవాళ మధ్యాహ్నం 2 గంటల్లోపు ప్రభుత్వానికి చెప్పాలి, తెల్లారి 6 నుంచి 24 గంటలు ఆ ధర మార్చకూడదు. జనం సాయంత్రమే చూసుకుని, ఇవాళ కొట్టించాలా రేపా అని తేల్చుకుంటారు. జర్మనీలో 2013 నుంచి బంకులో ధర మారితే నిమిషాల్లో అధికారులకు తెలపాలి, అది ఫోన్ యాప్‌లలో కనిపిస్తుంది. అక్కడ మంత్రులు ఎవరికీ సగటు చెప్పనక్కర్లేదు, జనమే పోల్చుకుంటారు.

మాకూ అదే కావాలి. మీ సిబ్బంది సేకరించిన అసలు ధరలు, ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎంత బరువుకి, అందులో పన్ను ఎంత, అన్నీ ఉన్నవి ఉన్నట్టు పెట్టేయండి. మనం చవకో కాదో మేం తేల్చుకుంటాం.

వచ్చే నెల చెల్లీ నేనూ మళ్లీ అదే జాబితాతో వెళ్తున్నాం. ఈసారి ఇద్దరం చెరో చిన్న తూకం మిషన్ కూడా కొన్నాం. ఆలోపు మీ కొత్త పట్టిక వస్తే దాన్నీ బిల్లుల పక్కన పెట్టి చూస్తాం.

ఇట్లు,
బిల్లులు పారేయని ఒక వినియోగదారు