టెట్‌కు బిట్లు సరే, పేరా చదివేదెప్పుడు?

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండలో నేను రోజూ వెళ్లే గ్రంథాలయానికి ఉదయాన్నే దినపత్రికలు వస్తాయి. పదకొండు దాటేసరికి వాటిలో పోటీ పరీక్షల బిట్లున్న పేజీలను ఎవరో బ్లేడుతో కోసుకుపోతారు. సంపాదకీయమున్న పేజీ మాత్రం సాయంత్రం దాకా మడత నలగకుండా ఉంటుంది. తెలుగు పండితుడిగా పనిచేసి విరమణ పొందినవాణ్ణి కనుక, ఉపాధ్యాయ అర్హత పరీక్ష అయిన టెట్‌కు చదువుతున్న పిల్లలు అక్కడ నన్ను సందేహాలు అడుగుతుంటారు. ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలిన ఉపాధ్యాయులు రెండేళ్లలోగా టెట్ ఉత్తీర్ణులు కావాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక, నాతో కలిసి పనిచేసినవారు కొందరు కూడా ఆ బల్లల దగ్గరే కనిపిస్తున్నారు. వీరందరిలో నేను గమనించిన ఒక లోపాన్ని, దాన్ని సరిదిద్దడానికి మీ పత్రిక చేయగల సాయాన్ని తెలియజేయడానికి ఈ లేఖ రాస్తున్నాను.

టెట్‌లో 150 ప్రశ్నలకు 150 నిమిషాలు, అందులో మొదటి భాషకు 30 మార్కులు. తెలుగు మన భాషే కదా అన్న ధీమాతో చాలామంది పర్యాయపదాలు, నానార్థాలు, ప్రకృతి వికృతుల పట్టికలు వల్లెవేసి ఊరుకుంటారు. తీరా అపరిచిత గద్యమో పద్యమో ఇచ్చి ప్రశ్నలడిగితే, ప్రతి పదానికీ అర్థం తెలిసి కూడా తప్పు జవాబు పెడతారు.

ఆ మధ్య నేనే ఒక చిన్న పేరా రాసి పదిమందికి ఇచ్చాను. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిందని, 1967 ఆగస్టు 4న కుడి, ఎడమ కాలువలకు నీళ్లు వదిలారని, జలాశయానికి దగ్గరే అయినా ఎత్తుమీదున్న ఊళ్లకు ఆ నీరు పారకపోవడంతో అక్కడివాళ్లు బోరుబావులనే నమ్ముకున్నారని అందులో ఉంది. ‘ఈ పేరాను బట్టి చెప్పగలిగినది ఏది?’ అని అడిగి నాలుగు జవాబులిచ్చాను. ‘బోరు నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోయాయి’ అన్నది మొదటిది. ‘జలాశయం దగ్గరున్నంత మాత్రాన కాలువ నీరు అందుతుందని చెప్పలేము’ అన్నది మూడోది. పదిమందిలో ఏడుగురు మొదటిదే పెట్టారు. మర్రిగూడ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయికైతే కోపమే వచ్చింది. “మా తాత నడుము ఆ నీళ్లతోనే వంగింది సార్, అది తప్పెట్లయితది?” అంది. అది అబద్ధం కాదమ్మా, పేరాలో లేదు, అంతే అన్నాను. ఆ పేరాలో ఫ్లోరైడ్ అన్న మాటే లేదని, మళ్లీ చదివాక గాని ఆమె ఒప్పుకోలేదు. లోకంలో నిజమైనదానికీ, చదివిన పేరా చెప్పినదానికీ మధ్యనున్న ఈ తేడా బిట్లు ఎన్ని చదివినా పట్టుబడదు. పైగా, తెలిసిన జవాబు కనబడగానే గుర్తు పెట్టేయడమే బిట్ల చదువు నేర్పే అలవాటు.

పదజాలం సంగతీ ఇలాంటిదే. అదే పేరాలోని ‘జలాశయం’లో ‘ఆశయం’ అంటే ఏమిటని అడిగితే ‘లక్ష్యం’ అన్నవారే ఎక్కువ. గర్భాశయం, మూత్రాశయం అన్న మాటలను పక్కన పెట్టి చూపాక, నిలవ ఉండే చోటు అని వాళ్లే చెప్పారు. ఒక్క మాట విప్పుకుంటే మూడు మాటలు చేతికొచ్చాయి. యాత్రకు వికృతి జాతర అని కంఠతా వచ్చిన ఒక అబ్బాయి, ఏటా మాఘంలో తాను పోయే చెరువుగట్టు జాతర ఆ మాటేనని ఎన్నడూ అనుకోలేదట. ఇంట్లో ఉన్న మాటను గైడులో వెతుక్కోవడం నాకు కొంత నవ్వు, కొంత బాధ కలిగించింది.

ఇక చిన్న చిన్న ప్రత్యయాలను ఎవరూ లెక్కచేయరు. ‘నీరే కారణం’ అన్నదానికీ ‘నీరు కూడా కారణమే’ అన్నదానికీ ఎంతో దూరం ఉంది. ‘పనులు పూర్తయ్యాయి’ అంటే రచయిత తన మాటగా చెబుతున్నాడు. ‘పూర్తయ్యాయట’ అంటే ఆ భారాన్ని ఎవరో చెప్పినవారి మీద వేస్తున్నాడు. ‘నిజమే, అయితే’ అని మొదలయ్యే వాక్యం దగ్గర రచయిత అసలు అభిప్రాయం తరచుగా బయటపడుతుంది. ఇవన్నీ రోజూ సంపాదకీయాల్లో కనిపించేవే. శీర్షికను చేత్తో మూసి, వ్యాసమంతా చదివి, సొంతంగా ఒక శీర్షిక రాసుకుని, ఆ తర్వాత చెయ్యి తీసి పోల్చి చూసుకోమని నేను చెబుతుంటాను. నెల రోజులు అలా చేసినవారిలో మార్పు చూశాను. వారం తిరక్కుండానే మానేసినవారు అంతకంటే ఎక్కువమంది ఉన్నారనీ ఒప్పుకోవాలి.

అందుచేత మీ పోటీ పరీక్షల పేజీలో వారానికి ఒక రోజైనా బిట్లు తగ్గించి, ఒక అపరిచిత గద్యాన్ని ఐదు ప్రశ్నలతో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. సరైన జవాబు సంఖ్య ఒక్కటే ఇస్తే దానివల్ల ప్రయోజనం లేదు. మిగిలిన మూడు ఎందుకు కావో, వాటిలో ఏది పేరాలో లేనిదో, ఏది పేరా చెప్పినదాన్ని కొంచెం పెంచి చెప్పినదో మరునాడు వివరించాలి. మరొక చిన్న మనవి కూడా ఉంది. ఆ గద్యాన్ని సంపాదకీయానికి సరిగ్గా వెనుకవైపు వేయించండి. బ్లేడు పట్టినవారు కోసుకుపోయే కాగితంతోపాటు సంపాదకీయం కూడా వారి ఇంటికి చేరుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు,
నల్లగొండ