కార్యవర్గంలోకి వెళ్ళావట!

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. బడి తల్లిదండ్రుల సంఘం కార్యవర్గానికి ఎన్నికయ్యావో లేదో, అప్పుడే "సభ్యులెవరూ సమావేశాలకు రారు, అన్నీ మేమే తేల్చేస్తే పోదా?" అంటున్నావు. పోదు నాయనా!

ముందు మీ నియమావళి బయటికి తీయించు. ఏ బీరువా అడుగునో ఉంటుంది, కార్యదర్శిని అడుగు. మామూలుగా ఏడాది బడ్జెట్, ఎన్నికలు, నియమావళి సవరణలు సర్వసభ్య సమావేశం చేతిలో ఉంటాయి. ఆ బడ్జెట్ హద్దుల్లో పని నడిపించడం మీ వంతు. గ్రంథాలయ పుస్తకాలకని సభ్యులు డబ్బు కేటాయించాక, ఏ దుకాణంలో కొనాలో మీరే చూసుకోవచ్చు. అదే డబ్బు ఆటవస్తువులకు మళ్ళించాలంటే మాత్రం వాళ్ళను అడగాల్సిందే.

అమెరికా సైన్యంలో ఇంజినీరైన హెన్రీ రాబర్ట్ 1876లో సభా నియమాలు అచ్చు వేయించాడు. అంతకుముందు ఒక చర్చి సమావేశానికి అధ్యక్షత వహించమంటే అది కాస్తా రసాభాస అయిందట పాపం! ఇప్పటికీ ఎన్నో సంఘాలు ఆయన నియమాలనే పాటిస్తాయి. వాటి ప్రకారం సర్వసభ్య సమావేశం చేసిన తీర్మానాన్ని కార్యవర్గం తిరగదోడకూడదు. నియమావళి వేరుగా చెప్పకపోతే, కార్యవర్గ నిర్ణయాన్ని సభ్యులు మార్చవచ్చు.

ఇక సభ్యులు రారనే మాట. ఎందుకు వస్తారు చెప్పు? కోశాధికారి కాగితం గబగబా చదివి "అందరికీ సమ్మతమేనా?" అంటాడు, జవాబు వినకుండానే తర్వాతి అంశంలోకి దూకుతాడు. వెనక వరుసలో ఒకావిడ చెయ్యి సగం లేపి దించేస్తుంది. ఆవిడ మళ్ళీ వస్తుందా? గంగిరెద్దులా తలూపడానికి సాయంత్రం పాడుచేసుకునేదెవరు? తేల్చేసిన సంగతి కాకుండా, తేలాల్సిన సంగతి వాళ్ళ ముందు పెట్టండి. రెండు ప్రతిపాదనలు, ఒక్కోదానికయ్యే ఖర్చు రాసి ముందే పంపండి. మనుషులు వస్తారు, పోట్లాడతారు కూడా. పోట్లాడనీ!

అర్ధరాత్రి ఫోన్ గ్రూపులో బొటనవేలి బొమ్మలు లెక్కపెట్టి దాన్ని తీర్మానం అనకు, నీకు పుణ్యముంటుంది. అలాగని అన్నీ నలుగురిలో పెట్టమనడం లేదు. ఫీజు సాయం కోరిన పిల్లల పేర్లు కార్యవర్గం దాటి పోకూడదు. మొత్తం ఎంత ఇచ్చారో మాత్రం సభ్యులకు చెప్పాలి.

కోరం, అంటే సభ చెల్లాలంటే కనీసం ఉండాల్సిన సభ్యుల సంఖ్య, ఎంతని రాసుకున్నారు మీరు? మరీ ఎక్కువైతే సభే జరగదు. మరీ తక్కువైతే ముగ్గురు స్నేహితులు కలిసి సంఘాన్ని నడిపేస్తారు. ఆ పేజీ చూసి నాకు రాయి. మార్చాల్సి వస్తే ముందుగా నోటీసు ఇవ్వాలి, కాబట్టి ఆలస్యం చేయకు.

నీ
మిత్రుడు