అభిషిక్తుణ్ణి లెక్క అడగకూడదా?

సంపాదకులకు నమస్కారం.

మా చిత్తూరు జిల్లా సంఘాల్లో ఎవరైనా పాస్టరు గారిని కానుకల లెక్క అడిగారంటే, ఆ వచ్చే ఆదివారమే బైబిల్లోని 105వ కీర్తన వినబడుతుంది. ‘నేను అభిషేకించినవారిని ముట్టకుడి’ అన్న వచనం. దాంతో అడిగినవాడి నోరు మూతబడుతుంది. మోషే మీద తిరగబడితే నేల మింగేసిన కోరహుకు పట్టిన గతే పడుతుందేమోనని ఇంట్లో ఆడవాళ్ళు హడలిపోతారు.

అదే కీర్తనను నాలుగు వచనాలు ముందునుంచి చదివితే సంగతి వేరు. అది అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి చెప్పింది. సొంత నేల లేకుండా, కొద్దిమందిగా, ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి తిరుగుతున్నవాళ్ళకు హాని చేయవద్దని దేవుడు రాజులను గద్దించిన సందర్భం. దిక్కులేనివాళ్ళకు కాపుగా ఇచ్చిన మాటను ఇవాళ మైకు చేతిలో ఉన్నవాళ్ళు వాడుకుంటున్నారు. పైగా ఆ అబ్రాహామునే, భార్యను చెల్లెలని చెప్పినందుకు, ఫరో పిలిపించి నువ్వు చేసిన పనేమిటని నిలదీశాడు. తర్వాత గెరారు రాజు అబీమెలెకూ అంతే. అన్యులైన రాజులు అడగ్గా లేని తప్పు, పాల బిల్లులో పదోవంతు తీసి కవర్లో పెట్టి తెచ్చే అమ్మ అడిగితే ఎక్కడినుంచి వచ్చింది?

రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు ఆదివారం బల్ల ముందు మొదటి కొరింథీయులు 11వ అధ్యాయం చదువుతారు. ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకోవాలంటారు. మేం తల వంచుకుంటాం. రొట్టె విరిచే ఆయన ఎవరి ముందు పరీక్షకు నిలబడతారని అడిగితే, దేవుని ముందు అని జవాబు. కాదనను. కానీ దావీదు రాజు కంటే ప్రార్థన తెలిసినవాడెవడు? తన సైనికుడు ఊరియాను చంపించి, అతని భార్యను తెచ్చుకొని, ఆమె బిడ్డను కనేదాకా ఆయన నోట ఒప్పుకోలు రాలేదు. నాతాను ప్రవక్త ఇంటికొచ్చి ‘ఆ మనుష్యుడవు నీవే’ అన్నాకే పశ్చాత్తాపపు 51వ కీర్తన పుట్టింది. గది తలుపు వేసుకొని చేసుకునే ఆత్మపరీక్షకు ఒక నాతాను కావాలని నా అభిప్రాయం. మా స్వతంత్ర సంఘాల్లో చాలాచోట్ల ఆ మనిషి లేడు. పాస్టరు గారే అధ్యక్షుడు, అమ్మగారు (ఆయన భార్య) కోశాధికారి, కొడుకు యువజన నాయకుడు.

సమూయేలు ప్రవక్తను చూడండి. ముసలితనంలో జనం ముందు నిలబడి, నేను ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం పుచ్చుకున్నానా, చెప్పండి, తిరిగి ఇచ్చేస్తాను అన్నాడు. జనం లేదన్నారు. ఆయన కొడుకులు బెయేర్షెబాలో లంచాలు మెక్కుతున్నారని అంతకుముందే ఆయన మొహం మీదే చెప్పిన జనం వీళ్ళు. అలాంటివాళ్ళ ఎదుట నిలబడి అడగడానికి గుండె కావాలి. అపొస్తలుడైన పౌలుకూ ఆ జాగ్రత్త ఉంది. యెరూషలేము పేదల కోసం పోగైన చందాను తన జతపనివాడు తీతు చేతికి మాత్రమే అప్పగించలేదు, సంఘాలు ఏర్పరచిన ఇంకో సహోదరుణ్ణి తోడు పంపాడు. నింద పడకూడదని కారణం కూడా రాసిపెట్టాడు, రెండో కొరింథీయులు 8వ అధ్యాయంలో ఉంది.

సేవకుల కష్టం తెలియక రాయడం లేదు. బండి మీద మూడు పల్లెలు తిరిగి, ఒకే ఆదివారం మూడు కూడికలు జరిపి, ఇంటికొచ్చేసరికి అప్పులవాడు గుమ్మంలో ఉండే పాస్టర్లున్నారు. మనసులో శోధన ఉందని చెప్పుకోవడానికి వాళ్ళకు మనిషి లేడు. తోటి పాస్టరుకు చెబితే శనివారానికి మండలమంతా పాకుతుంది, సంఘం చీలుతుంది. కాథలిక్ గురువు ఇంకో గురువు దగ్గర పాపసంకీర్తనం చేసుకోవాలి, అంటే పాపాలు ఒప్పుకోవాలి, పోపుకైనా తప్పదు. సీఎస్‌ఐలో (దక్షిణ ఇండియా సంఘంలో) పాస్టరేట్ కమిటీ ఉంది, బదిలీలున్నాయి. అవి ఉంటే చాలని కూడా అనను, వాళ్ళ అత్యున్నత సభ ఎన్నికల తగాదా మద్రాసు హైకోర్టుకెక్కింది. ఏర్పాటన్నది ఉంటే కనీసం ఎక్కడ తప్పిందో తెలుస్తుంది.

ఇదంతా పేపర్లో రాసుకోవడం దేనికి, తిరుపతి పక్కన ఉంటూ మనల్ని మనమే పలుచన చేసుకోవడమా అని మావాళ్ళే కోప్పడతారు. మద్రాసులో పుట్టి ప్రపంచమంతా తిరిగి వాక్యం చెప్పిన రవి జకరయాస్ సంగతి గుర్తుచేస్తాను. ఆయన బతికుండగా ఒక స్త్రీ చేసిన ఆరోపణను సంస్థ కొట్టిపారేసింది. 2020లో ఆయన పోయాక, 2021 ఫిబ్రవరిలో, ఆ సంస్థ తానే పెట్టించిన విచారణలో లైంగిక దుష్ప్రవర్తన నిజమని తేలింది. ముందే ఎవరైనా గట్టిగా అడిగి ఉంటే ఎంతమంది ఆడవాళ్ళు తప్పించుకునేవారో! దీనికి భిన్నంగా అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం, ఆయన తోటివారు 1948లోనే మొడెస్టో అనే ఊళ్ళో కూర్చొని తమకు తామే కట్టుబాట్లు పెట్టుకున్నారు. డబ్బు విషయంలో, పరస్త్రీల విషయంలో జాగ్రత్త, స్థానిక సంఘాలను దూషించకపోవడం, సభలకొచ్చిన జనం సంఖ్య పెంచి చెప్పకపోవడం. ఆ చివరిది మా ఫ్లెక్సీలు చదివినవాళ్ళకు బాగా అర్థమవుతుంది.

ఇక ఇది మా ఇంటి సంగతి మాత్రమే అనడానికీ లేదు. నెలకు 5,000 రూపాయల ప్రభుత్వ గౌరవ వేతనం అందుకునే పాస్టర్లున్నారు, అది అన్ని మతాలవాళ్ళూ కట్టిన పన్ను. పిల్లల మీద అఘాయిత్యం జరిగిందని తెలిస్తే ఉపవాస ప్రార్థన పెట్టి సర్దుకోవడానికి 2012 నాటి పోక్సో చట్టం ఒప్పుకోదు. తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం.

మండలాల్లో నెలనెలా జరిగే పాస్టర్స్ ఫెలోషిప్‌లు ఈ సంగతి చర్చకు పెట్టాలని కోరుతున్నాను. ప్రతి పాస్టరూ తన సంఘం బయట ఒక పెద్దమనిషిని ఎంచుకోవాలి, ఆయన పేరు సంఘానికి తెలియాలి. కోశాధికారిగా ఇంటివాళ్ళు ఉండకూడదు. ఆడపిల్లలకు సలహా చెప్పేటప్పుడు తలుపు తీసి ఉండాలి, గదిలో ఇంకో పెద్దావిడ ఉండాలి. మార్చి 31తో ముగిసే సంవత్సరపు జమాఖర్చు ఏప్రిల్‌లో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, అందరి ముందూ పైకి చదవాలి. చదివేవారు పాస్టరు గారి బంధువు కాకుండా ఉంటే మేలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, సంఘ సభ్యురాలు,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు.