దూరప్రయాణాల విమానం ఆలస్యమైతే

అందరికీ నమస్కారం. మనలో చాలామంది ఖండాలు దాటే ప్రయాణాలకు సిద్ధమవుతున్నారు కాబట్టి ఇది కాస్త ఓపికగా చదవండి.

దూరపు రూట్లలో చాలాసార్లు అవతలి నుంచి వచ్చిన విమానమే మనల్ని ఎక్కించుకుని తిరిగి వెళ్తుంది. అది అక్కడే ఆలస్యంగా బయల్దేరితే, యాప్‌లో ‘ఆన్ టైమ్’ అని ఉన్నా నమ్మకండి. విమానాల కదలికలను చూపించే ఫ్లైట్‌రాడార్24లో మీ విమానం ఎక్కడుందో ముందే చూసుకోండి. పైలట్లకు, సిబ్బందికి డ్యూటీ గంటల పరిమితి ఉంటుంది. కొన్ని గంటల ఆలస్యం ఉన్నట్టుండి మర్నాటికి వాయిదా పడడానికి అదీ ఒక కారణమే. కౌంటర్లో ఉన్నవాళ్ల మీద అరిచి లాభం లేదు, పాపం, అది వాళ్ల చేతిలో లేదు.

అన్నిటికన్నా ముఖ్యం టికెట్టు. కనెక్టింగ్ ఫ్లైట్లన్నీ ఒకే బుకింగ్‌లో ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా మరో విమానంలో పంపాల్సింది ఎయిర్‌లైనే. విడివిడిగా కొంటే రెండో టికెట్టు డబ్బు చాలాసార్లు పోయినట్టే. చవకగా వస్తోందని దయచేసి ఆ పని చేయకండి, ముఖ్యంగా పెద్దవాళ్లను ఒంటరిగా పంపేటప్పుడు.

యూరోపియన్ యూనియన్ విమానాశ్రయం నుంచి బయల్దేరితే, ఏ దేశపు ఎయిర్‌లైన్ అయినా 2004 నాటి 261వ నిబంధన వర్తిస్తుంది. యూనియన్ బయటికి 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో గమ్యానికి 4 గంటలకు పైగా ఆలస్యంగా చేరితే 600 యూరోల పరిహారం అడగొచ్చు. తుఫాను లాంటి కారణాలకు ఆ డబ్బు రాదు, కానీ ఎదురుచూసే వేళ భోజనం, అవసరమైతే రాత్రి బస అప్పుడూ ఇవ్వాల్సిందే. బోర్డింగ్ పాస్, రసీదులు పారేయకండి.

మందులు, ఛార్జర్, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉంచుకోండి. చెక్-ఇన్ సామాను మధ్యలో చేతికి రాకపోవచ్చు. బీపీ, షుగరు మాత్రలైతే రెండు రోజులకు అదనంగా.