నాలా గట్టు బాట గురించి పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. హైదరాబాద్ శివారు కాలనీల్లో నాలా (వాననీళ్లు, మురుగు పారే పెద్ద కాలువ) గట్ల మీద నడిచేవాళ్లం, సైకిల్ తొక్కేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. నాలాకు రిటైనింగ్ వాల్ (గట్టు మట్టి జారకుండా ఆపే గోడ) కట్టిన ప్రతిచోటా, దాని వెంట నడిచేవాళ్లకూ సైకిళ్లకూ కలిపి ఒక బాట వేస్తే బాగుండునని జనం అడుగుతున్నారు. మేమూ అదే అడుగుతున్నాం. కాకపోతే కొన్ని కొలతలు టెండరు కాగితంలోనే ఉండాలి. బాట పడ్డాక బోర్డులు పాతి ఆ లోటు పూడ్చలేం.

అన్నిటికంటే ముందు వెడల్పు. 2012 నాటి 168 నంబరు జీవో ప్రకారం 10 మీటర్లకు మించి వెడల్పున్న నాలా హద్దు నుంచి 9 మీటర్లు, అంతకు తక్కువున్న నాలాకైతే 2 మీటర్లు ఏ కట్టడమూ లేకుండా వదలాలి. బాట ఎక్కడ కలిపి వేయాలో, ఎక్కడ వేయకూడదో ఈ రెండు అంకెలే తేల్చేస్తాయి. మాట్లాడుకుంటూ పక్కపక్కన నడిచే ఇద్దరికి 1.2 మీటర్లు కావాలి. సైకిల్ హ్యాండిల్ 60, 70 సెంటీమీటర్లే అయినా తొక్కేటప్పుడు బండి అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి దానికో మీటరు. ఎదురొచ్చే సైకిల్‌కు ఇంకో మీటరు. రెండు అంచుల్లో చెరో 40 సెంటీమీటర్లు. వెరసి 4 మీటర్లు. తొమ్మిది మీటర్ల జాగాలో ఈ నాలుగూ పోను చెట్లకు, డ్రెయిన్‌కు ఇంకా చోటు మిగులుతుంది. రెండు మీటర్ల జాగాలో మాత్రం దయచేసి కలపకండి. అక్కడ బాట నడిచేవాళ్లకే వదిలి, సైకిళ్లను పక్క కాలనీ వీధుల్లోంచి బాణం గుర్తులతో మళ్లించండి. రెండు మీటర్ల బాటకు మధ్యలో తెల్లగీత గీస్తే ఇద్దరికీ చెరో మీటరు వస్తుంది, ఎవరికీ సరిపోదు. పైగా గీత దాటినవాడిదే తప్పని రోజూ తగువు.

వేళలు పంచుకోమని కొందరు సలహా ఇస్తారు. మన ఊళ్లో అది కుదరదు. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిదింటికే ఎండ చురుక్కుమంటుంది, కాబట్టి నడిచేవాళ్లూ తొక్కేవాళ్లూ అయిదున్నర, ఎనిమిది మధ్యే వస్తారు.

వేగం సంగతి లెక్కగా చెబుతాం. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వస్తున్న సైకిల్, ముందున్న మనిషిని చూసి బ్రేకు పట్టి ఆగేసరికి సుమారు 8, 9 మీటర్లు పోతుంది. 25 కిలోమీటర్ల వేగమైతే 16 మీటర్లు దాటుతుంది, తడి నేల మీద ఇంకా ఎక్కువ. అందుకే మలుపుల దగ్గర కనీసం 30 మీటర్ల ముందు దాకా కనబడాలి. అక్కడ పొదలు మోకాలి ఎత్తు దాటకుండా చూడాలి. వేగంగా తొక్కాలనుకునేవాళ్లకు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది. గట్టు బాట అలాంటిది కాదు. బడికీ కూరగాయలకూ వెళ్లే సైకిల్, పొద్దున నడకకొచ్చే తాతగారు, చక్రాల కుర్చీ, అన్నీ సాగాల్సిన దారి ఇది.

ఇక అసలు జబ్బు నేల కింద ఉంటుంది. రిటైనింగ్ వాల్ కట్టాక దాని వెనక గుంతను తవ్విన మట్టితోనే ఒక్కసారిగా నింపేస్తారు. మొదటి వానాకాలానికే ఆ మట్టి కుంగి, గోడ వెంట బారెడు పొడవున బీట పడుతుంది. మట్టిని 20 సెంటీమీటర్ల పొరలుగా వేసి, తడిపి, ఒక్కో పొరనూ రోలర్‌తో దిమ్మిస చేయించాలి. గోడలో నీళ్లు కారే రంధ్రాల వెనక కంకర పొర ఉండాలి, లేకపోతే రంధ్రాల గుండా మట్టే జారిపోయి బాట కింద బోలు పడుతుంది. కాలనీ వైపు నుంచి వచ్చే వాననీళ్లు బాట మీదుగా నాలాలోకి దూకకూడదు. కాలనీ వైపునే చిన్న డ్రెయిన్ తీసి, బాట కింద 300 మిల్లీమీటర్ల పైపులు వేసి, నాలా ఉప్పొంగినప్పుడు నీళ్లు వెనక్కి తన్నకుండా వాటి కొసకు నాలా వైపు మాత్రమే తెరుచుకునే మూతలు బిగించాలి.

పైన ఇంటర్‌లాకింగ్ టైల్స్ వద్దని మనవి. నాలా పక్కన వాటి కింది ఇసుక వానకు కొట్టుకుపోతుంది, ఒక్కో టైలూ ఒక్కో ఎత్తులో నిలబడుతుంది, నీడ పడేచోట నాచు పడుతుంది. సిమెంటు కాంక్రీటు వేసి, పచ్చిగా ఉన్నప్పుడే చీపురుతో అడ్డంగా గీతలు పెడితే తడిలోనూ జారదు. మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు చాలు. ఆ వాలు డ్రెయిన్ వైపే ఉండాలి, నాలా వైపు కాదు.

కాంక్రీటు మందం విషయంలో అంచనాలు వేసేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. వానాకాలానికి ముందు పూడిక తీసే జేసీబీ ఈ బాట మీదే వస్తుంది. దాని బరువు సుమారు ఏడున్నర, ఎనిమిది టన్నులు. వెనకే పూడిక నింపుకునే టిప్పర్. మనుషులు నడిచేదే కదా అని 100 మిల్లీమీటర్లు పోస్తే ఒక్క ఏడాదికే పగులుతుంది. 200 మిల్లీమీటర్లు పోయండి, లేదా యంత్రం నాలాలోకి దిగడానికి వేరే ర్యాంపు కట్టించండి. తీసిన పూడికను ఆరబెట్టడానికి బాట మీదే పోసి వదిలేయడం కూడా ఆగాలి. మొదటి వానకు అది తిరిగి నాలాలోకే చేరుతుంది, మిగిలిన జిగట మీద సైకిల్ నిలవదు.

జలమండలి (నగర మంచినీటి, మురుగునీటి బోర్డు) మ్యాన్‌హోల్ మూతలు బాటకు సమంగా ఉండాలి. నాలుగైదు సెంటీమీటర్లు పైకి లేచిన మూత చీకట్లో మనిషిని పడేస్తుంది. డ్రెయిన్ జాలీల కడ్డీలు బాటకు అడ్డంగా ఉండాలి. పొడవునా పెడితే సన్న టైరు ఆ సందులో ఇరుక్కుంటుంది. నాలా వైపు రెయిలింగ్ 1.4 మీటర్ల ఎత్తు కావాలి. నడుము ఎత్తు రెయిలింగ్ నడిచేవాడిని ఆపుతుంది కానీ, సైకిల్ మీద కూర్చున్నవాడు దాని మీంచి అవతల పడతాడు.

బైకుల బెడద గురించి నిజం చెప్పాలి. 1.2 మీటర్ల ఎడంతో స్తంభాలు పాతితే కార్లు, ఆటోలు ఆగుతాయి, మోటార్‌సైకిల్ ఆగదు. దాన్ని ఆపేంత ఇరుకు చేస్తే చక్రాల కుర్చీ కూడా ఆగిపోతుంది. కాబట్టి బైకుల్ని ఆపడానికి పొద్దునా సాయంత్రం కాపలా, కెమెరా, జరిమానా ఉండాల్సిందే. స్తంభాల మధ్య గొలుసు మాత్రం కట్టకండి, రాత్రిపూట అది కనబడదు.

నాలా రోడ్డును దాటేచోట కల్వర్టు పిట్టగోడ దగ్గర బాట తెగిపోతే అంతదాకా పెట్టిన ఖర్చంతా వృథా. అక్కడ రోడ్డునే 10 సెంటీమీటర్లు ఎత్తు చేసి దాటే దారి ఇవ్వండి.

దీపాల తీగలు, జంక్షన్ పెట్టెలు బాటకు మీటరున్నర పైన ఉండాలి. 2020 అక్టోబరు వానల్లాంటివి మళ్లీ వస్తే బాట మునుగుతుంది, నీళ్లలో కరెంటు ఉండకూడదు. నీరు ఎంత ఎత్తుకొస్తే బాట గేటు మూయాలో గోడ మీద ఎర్ర రంగుతో గీయించండి. చెట్లు పెడితే అంచుకు మీటరున్నర దూరంలో కానుగ, తెల్లమద్ది పెట్టండి. తెల్లమద్ది వాగు ఒడ్డున పెరిగే చెట్టే. తురాయి వేర్లు పైపైనే పాకి కాంక్రీటును లేపుతాయి.

చివరగా బిల్లు సంగతి. కాంట్రాక్టరు చివరి చెల్లింపును ఒక పూర్తి వానాకాలం గడిచేదాకా ఆపి, అక్టోబరులో ఇంజనీరు గారు మూడు మీటర్ల తిన్నని కడ్డీ బాట మీద పరిచి చూసి, ఎక్కడా కుంగలేదని సంతకం పెట్టాకే విడుదల చేసేలా షరతు రాయించండి.

ఇట్లు,
నాలా గట్ల మీద నడిచేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు
హైదరాబాద్